షెవర్లే 3100 డైరీ: కొత్త బ్రేకులకు పాత కొలతలు

బండి 1953 షెవర్లే 3100, అర టన్ను పికప్. ఇంజను నడుస్తోంది, గేర్లు పడుతున్నాయి. బ్రేకులే లేవు. పెడల్ తొక్కితే నేలకు తగులుతుంది. ఇవి డ్రమ్ము బ్రేకులు: పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరు పైపుల్లోకి ఆయిల్ తోస్తుంది, ఆ ప్రెషర్‌కు ప్రతి చక్రం దగ్గరి వీల్ సిలిండరు, లైనింగు (రాపిడి పట్టీ) ఉన్న రెండు షూలను చక్రంతో తిరిగే డ్రమ్ముకు అదుముతుంది. నాలుగు వీల్ సిలిండర్లలో రెండు తుప్పుతో బిగుసుకుపోయాయి, ఒకటి కారుతోంది. వెనక ఎడమ షూల మీద యాక్సిల్ హౌసింగ్ ఆయిల్ జిడ్డు కట్టింది. ముందు డ్రమ్ముల్లో ఒకటి అంచు దగ్గర చీలింది.

అప్పట్లో తయారై అమ్ముడుపోకుండా మిగిలిన కంపెనీ పార్టు ఎక్కడైనా దొరికినా డెబ్బై ఏళ్ల రబ్బరును బ్రేకులో పెట్టకూడదు. అందుకే అమెరికాలో ఈ మోడల్ కోసం ఇప్పుడు తయారవుతున్న రీప్రొడక్షన్ పార్టులు తెప్పించాం: నాలుగు వీల్ సిలిండర్లు, ఎనిమిది షూలు, ముందుకు రెండు డ్రమ్ములు, మూడు హోస్ పైపులు, స్ప్రింగుల కిట్టు, అడ్జస్టర్లు, మాస్టర్ సిలిండరు. ఈ పార్టులు చూడటానికి పాతవాటిలాగే ఉంటాయి. కొలిస్తే మాత్రం అక్కడక్కడా తేడా వస్తుంది. పని మొత్తం ఆ తేడాను పట్టుకోవడమే.

1వ వారం: విప్పడం

విప్పిన ప్రతి పార్టుకూ చీటీ కట్టి, చక్రం వారీగా నాలుగు ట్రేల్లో పెట్టాం. ఒక్కటీ పారేయలేదు. బండి చివరికి రోడ్డెక్కే దాకా పాత పార్టే గేజ్. తుప్పు పట్టిన సిలిండరు కూడా బోల్టు రంధ్రాల దూరం, షూను తోసే పుష్‌రాడ్ పొడవు, పైపు మర ఏమిటో చెబుతుంది.

ఆ కాలపు లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. డ్రమ్ము తీయగానే కంప్రెసర్ గాలితో ఊదేయడం మన షెడ్లలో అలవాటు. ఇక్కడ ఆ పని అస్సలు చేయకూడదు. సబ్బు నీళ్లు పిచికారీ చేసి, పొడి తడిశాక గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పక్కన పెట్టాలి. మాస్కు తప్పనిసరి.

ఆర్డరు పెట్టేముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ శ్రేణి ట్రక్కుల్లో 1950 దాకా హక్ కంపెనీ బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్ కంపెనీ బ్రేకులు. బయటికి రెండు బళ్లూ ఒకేలా కనిపిస్తాయి గానీ, షూలు గానీ సిలిండర్లు గానీ ఒకదానివి ఇంకోదానికి పట్టవు. ఆర్‌సీ పుస్తకంలో ఉన్న సంవత్సరాన్ని నమ్ముకోవద్దు. ఇన్నేళ్లలో ఎవరు ఏ యాక్సిల్ మార్చారో ఎవరికి తెలుసు? డ్రమ్ము తీసి చూడటమే మార్గం. పైన షూల తలలు ఆనే ఒకే ఒక యాంకర్ పిన్ను, కింద రెండు షూలనూ కలుపుతూ పళ్ల చక్రం ఉన్న అడ్జస్టరు కనిపిస్తే అది బెండిక్స్. ఈ బండిలో నాలుగు చక్రాలకూ అదే ఉంది.

ఇంకో చిక్కు స్టీరింగుది. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయి శివ్డీలో బళ్లు అసెంబుల్ చేసింది. మన దగ్గర మిగిలినవి కుడి స్టీరింగు బళ్లు. అమెరికా క్యాటలాగులో ఉన్నదంతా ఎడమ స్టీరింగుకు చేసింది. చక్రాల దగ్గరి పార్టులకు దీనితో పనిలేదు. ముందే వంచి అమ్మే పైపుల సెట్టు మాత్రం కొనడం దండగ. మాస్టర్ సిలిండరు కుడివైపు ఉంటే ఆ వంపుల్లో ఒక్కటీ సరిపోదు. పైపు చుట్టగా తెచ్చుకుని ఇక్కడే వంచుకోవాలి.

2వ వారం: వీల్ సిలిండర్లు

బోరు, అంటే లోపలి రంధ్రం వ్యాసం, ముందువాటికి అంగుళం ఒక సూతు (సూతు అంగుళంలో ఎనిమిదో వంతు), అంటే 28.58 మి.మీ. వెనకవాటికి అంగుళం, 25.40 మి.మీ. పెట్టెలో నాలుగూ ఒకేలాంటి కవర్లలో వచ్చాయి. రెండు కవర్ల మీద స్టిక్కర్లు తారుమారయ్యాయి. కంటికి మూడు మిల్లీమీటర్ల తేడా తెలియకపోవచ్చు గానీ బ్రేకుకు తెలుస్తుంది. పిస్టన్ వైశాల్యం లెక్కేస్తే ముందుది 6.41 చదరపు సెం.మీ., వెనకది 5.07. ముందుది వెనక బిగిస్తే అదే ఆయిల్ ప్రెషర్‌కు వెనక షూల మీద తోపు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. ఖాళీ పికప్‌కు వెనక బరువు ఎలాగూ తక్కువ. వాన పడిన రోడ్డు మీద గట్టిగా తొక్కితే మొదట వెనక చక్రాలే లాక్ అయి బండి తోక తిప్పుతుంది.

కొత్త సిలిండరు అని అలాగే బిగించకూడదు. నాలుగింటినీ పూర్తిగా విప్పాం. ఒకదానిలో బోరు అంచున లేత్ చెక్కు పొట్టు అతుక్కుని ఉంది. వేలు పెడితే గీసుకునేంత పదును. ఆ అంచు మీదుగా ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పు దూరిస్తే కప్పు అంచు తెగుతుంది, నెల తిరిగేసరికి కారుతుంది. సన్న ఎమరీని ఆయిల్లో తడిపి అంచు మొద్దు చేసి, బ్రేక్ ఆయిల్‌తోనే కడిగాం. పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూస్తే మూడింటికి 0.05 దగ్గర, ఒకదానికి 0.09 మి.మీ. 0.10 దాటితే పెట్టకూడదు. ప్రెషర్ పడ్డప్పుడు రబ్బరు ఆ సందులోకి దూరి నలుగుతుంది.

రబ్బరు గురించి గట్టిగా చెప్పాలి. కప్పులను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగడం, జారడానికి చాసిస్ గ్రీజు రాయడం ఇప్పటికీ చాలా చోట్ల చూస్తాం. బ్రేక్ ఆయిల్‌కు తగిన రబ్బరుకు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన కప్పు బోరులో బిగుసుకుంటుంది, పిస్టన్ వెనక్కి రాదు, షూ డ్రమ్మును రాస్తూనే ఉంటుంది. రాయాలంటే బ్రేక్ ఆయిల్ రాయాలి, లేదా రబ్బర్లకోసమే అమ్మే ఎర్ర గ్రీజు. మూడోది వద్దు.

పుష్‌రాడ్లు పాతవాటి పక్కన పెట్టి కొలిస్తే ముందు సిలిండర్లవి ఒక్కొక్కటి 2 మి.మీ. పొడుగు. చిన్న సంగతే అనిపిస్తుంది. రెండు వైపులా కలిపితే 4 మి.మీ. షూలు ముందే విచ్చుకుని కూర్చుంటాయి, డ్రమ్ము ఎక్కదు. పాత పుష్‌రాడ్లను శుభ్రం చేసి అవే వాడాం.

3వ వారం: పైపులు, మరలు

ప్రమాదమంతా ఈ పనిలోనే దాగి ఉంది. బండి పైపు 3/16 అంగుళం, పైపును బిగించే యూనియన్ నట్టు మూడు సూతు, అంగుళానికి 24 మరలు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ కొట్లో బ్రేక్ యూనియన్ అడిగినా చేతిలో పెట్టేది ఎక్కువగా ఎం10, అంటే 10 మి.మీ. మెట్రిక్ నట్టు, ఒక మిల్లీమీటరు పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం). ఇప్పటి కార్లలో ఎక్కువవాటికి అదే. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. మూడు సూతు నట్టు బయటి వ్యాసం 9.53 మి.మీ., పిచ్ 1.06. రెండోదానికి 10, 1.00.

ఎం10 నట్టు మూడు సూతు రంధ్రంలోకి ఎక్కదు, కాబట్టి ఆ పొరపాటు అక్కడే తెలిసిపోతుంది. తిరగేస్తేనే ముప్పు. మూడు సూతు నట్టు ఎం10 రంధ్రంలోకి సాఫీగా తిరుగుతుంది, చివర్లో బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. అక్కడ మర మీద మర సగమే కూర్చుంది. మామూలుగా తొక్కినప్పుడు కారదు. అడ్డంగా ఎవరో వస్తే రెండు కాళ్లతో తొక్కిన రోజున మర ఊడి పైపు బయటికి వస్తుంది. సెట్టులో వచ్చిన మూడు హోస్ పైపుల్లో వెనకదానికి ఒక చివర సరిగ్గా ఇదే జరిగింది: మర ఎం10 కోశారు. పాత యూనియన్ నట్టును చేత్తో తిప్పి చూశాం. మంచి మరలో నట్టు ఊగదు. ఇందులో పక్కకు ఊగింది. పిచ్ గేజ్ పెడితే ఖాయమైంది. ఆ హోస్ వెనక్కి పంపి వేరేది తెప్పించాం. ట్యాప్ వేసి సరిచేద్దామన్న మాట వచ్చింది గానీ, ఒకసారి పెద్దదైన రంధ్రానికి చిన్న మర పుట్టదు.

పైపు చివర విప్పార్చే అంచు, అంటే ఫ్లేర్, కూడా రెండు రకాలు. ఈ బండికి కావలసింది 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్, లోపలికి మడిచి రెండు పొరలు చేసేది. ఇప్పటి కార్లలో చాలావాటికి పుట్టగొడుగు ఆకారపు బబుల్ ఫ్లేర్. ఒకదాని సీటులో ఇంకోటి పెట్టి ఎంత బిగించినా చెమ్మ ఆగదు. సింగిల్ ఫ్లేర్ కొడితే అంచు చీలుతుంది. ఉత్త రాగి పైపు కూడా వద్దు. అదురుకు గట్టిపడి పగులుతుంది. రాగి-నికెల్ పైపు వాడాం. చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. మొత్తం ఏడు మీటర్లు పట్టింది, ఫ్లేర్లు పాడయ్యే లెక్కతో ఎనిమిది మీటర్లు తెచ్చుకోవాలి. నట్టు ముందే పైపులోకి ఎక్కించి తర్వాత ఫ్లేర్ కొట్టాలి. తెలిసిన చెయ్యి కూడా ఇది మరిచిపోతుంది.

4వ వారం: డ్రమ్ములు, షూలు

డ్రమ్ము లోపలి వ్యాసం 11 అంగుళాలు, 279.4 మి.మీ. లేత్ మీద తీసినా మొత్తం 60 థౌ (థౌ అంగుళంలో వెయ్యో వంతు), అంటే 1.5 మి.మీ. మించకూడదు. 280.9 దాటిన డ్రమ్ము పాత ఇనుముకే. వెనక జత లోతైన గీతలు పోయేదాకా తీస్తే 280.1 దగ్గర శుభ్రమైంది.

ముందు డ్రమ్ములు కొత్తవి. ఈ బండిలో అవి హబ్బుకు వీల్ స్టడ్లతోనే నొక్కి బిగించి ఉన్నాయి. స్టడ్ చుట్టూ నొక్కిన కాలరును కోసి తీయకుండా సుత్తితో కొడితే హబ్బు రంధ్రం సాగుతుంది, కొత్త స్టడ్ అక్కడ నిలవదు. కాలరు కోయించి ప్రెస్సు మీద తోయించాం. కొత్త డ్రమ్ము విడిగా కొలిస్తే గుండ్రంగానే ఉంది. హబ్బుకు బిగించాక డయల్ గేజ్ పెడితే 0.30 మి.మీ. వంకర. కొత్త డ్రమ్ము మధ్య రంధ్రం హబ్బు భుజం మీద బిర్రుగా కూర్చోకపోవడమే కారణం. బాలానగర్‌లో డ్రమ్ము తిరిగే లేత్ ఉన్న చోట హబ్బు బేరింగు సీటునే కేంద్రంగా పట్టి సన్నగా ఒక కోత వేయిస్తే 0.06కి వచ్చింది. డ్రమ్మును విడిగా లేత్ మీద పెట్టి తీయిస్తే ఈ వంకర పోదు. హబ్బుతో సహా తీసుకెళ్లాలి.

షూలు ముందువి 2 అంగుళాల వెడల్పు, వెనకవి అంగుళంముప్పావు. ప్రతి చక్రానికీ రెండు రకాలు: లైనింగు పొట్టిది బండి ముందువైపుకు, పొడుగుది వెనకవైపుకు. బెండిక్స్‌లో ముందు షూ డ్రమ్ముకు పట్టుకుని తిరగబోతూ, కింద అడ్జస్టరు గుండా వెనక షూను తోస్తుంది. పట్టులో ఎక్కువ భాగం వెనక షూదే. అందుకే దానికి పొడవు లైనింగు. తిరగేసి పెడితే బండి ఆగుతుంది గానీ తొక్కిన కొద్దీ పట్టు రాదు, ఒక వైపే తిరగేస్తే బండి పక్కకు లాగుతుంది.

సుద్ద పరీక్ష: డ్రమ్ము లోపల నీలం సుద్ద దట్టంగా రాసి, షూను చేత్తో ఒత్తి రెండంగుళాలు అటూ ఇటూ జరిపి తీయాలి. లైనింగు మధ్యలో రంగు అంటితే మంచిదే, అరుగుతూ అంచుల దాకా వస్తుంది. ఈ షూల్లో నాలుగింటికి రెండు చివర్లా మాత్రమే నీలం అంటింది, నడుమ తెల్లగా ఉంది. లైనింగు వంపు డ్రమ్ము వంపుకన్నా విప్పుగా ఉందని అర్థం. అలా బిగిస్తే చివరలు కరుచుకుంటాయి, బ్రేకు ఒక్కసారిగా పట్టి కీచుమంటుంది. లైనింగు షాపులో డ్రమ్ములు చూపించి, వాటి కొలతకు షూలను గ్రైండింగ్ చేయించాం. వెనక షూలను 280.1 కొలతకు, ముందువాటిని కొత్త డ్రమ్ముల కొలతకు. షూ ఏ డ్రమ్ముకు రుద్దించామో దాని మీదే చెక్కి రాయాలి, లేకపోతే ఇంటికొచ్చేసరికి కలిసిపోతాయి.

5వ వారం: బిగింపు

వెనక ఆయిల్ సీళ్లు మొదట మార్చాం. సీలు కారుతుండగా కొత్త షూ పెడితే వారంలో అది కూడా జిడ్డే. నూనె తాగిన లైనింగును కాల్చినా కడిగినా బాగుపడదు.

బ్యాక్ ప్లేటు మీద షూ ఆనే ఆరు మెట్టలున్నాయి. డెబ్బై ఏళ్ల రాపిడికి వాటిలో గాడులు పడ్డాయి. షూ ఆ గాడిలో చిక్కుకుంటే తిరిగి రాదు. వెల్డింగుతో నింపి, ఆకురాయితో చదును చేసి, వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు ఒక్కో మెట్టకు మినపగింజంత. అంతకు మించితే కరిగి లైనింగు మీదికి వస్తుంది.

అడ్జస్టర్లు కుడికీ ఎడమకూ వేరు, ఒకదానికి కుడి మర, ఒకదానికి ఎడమ మర. పాతవాటి మీద అక్షరం కొట్టి ఉంది, కొత్తవాటి మీద ఏమీ లేదు. మర తిప్పి చూసి రంగు చుక్క పెట్టుకున్నాం. తారుమారైతే బిగిస్తున్నామనుకుని వదులు చేస్తాం.

స్ప్రింగుల్లో రెండు విడిగా ఉంచినప్పుడే చుట్ల మధ్య సందు కనిపించాయి. రిటర్న్ స్ప్రింగు లాగకముందు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. ఆ రెండూ పక్కన పెట్టి ఇంకో జత తెప్పించాం.

అన్నీ పెట్టాక ముందు కుడి డ్రమ్ము ఎక్కలేదు. ఇలాంటప్పుడు సుత్తి పట్టుకోకుండా వరసగా చూడాలి: అడ్జస్టరు పూర్తిగా లోపలికి తిప్పామా, పుష్‌రాడ్ పొడవు సరేనా, వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేక్ కేబులు బిగిసి ఉందా, షూ తల యాంకర్ పిన్నుకు పూర్తిగా ఆనిందా. ఇక్కడ చివరిదే తప్పు. షూ తల అర్ధచంద్రాకారపు గాడిలో పౌడర్ పెయింటు మందంగా పూశారు, పిన్ను లోపలికి దిగలేదు. ఆకురాయితో పెయింటు మాత్రం గీకితే టక్కున కూర్చుంది. ఇనుము తగలగానే ఆపేయాలి.

6వ వారం: మాస్టర్ సిలిండరు, గాలి తీయడం

మాస్టర్ సిలిండరు నేల కింద ఉంటుంది, ఫ్లోరులో మూత తీసి ఆయిల్ పోయాలి. కొత్తదాన్ని బిగించాక చూడవలసింది పెడల్ ఫ్రీప్లే. పెడల్ నుంచి వచ్చే పుష్‌రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య మిల్లీమీటరున్నర ఖాళీ ఉండాలి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ రిజర్వాయరుకు తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోతుంది. షెడ్లో బాగానే ఉంటుంది. మే నెల ఎండలో నాలుగు సిగ్నళ్లు దాటాక ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక షూలను తోస్తుంది. బ్రేకు తనంతట తనే పట్టేస్తుంది. పరీక్ష సులువు: మూత తీసి, ఒకరు పెడల్‌ను మెల్లగా కదిపితే మొదట్లోనే ఆయిల్ చిన్న ఊటలా పైకి చిమ్మాలి. మొదటిసారి చిమ్మలేదు. పుష్‌రాడ్‌ను ఒక చుట్టున్నర పొట్టి చేశాక చిమ్మింది.

ఆయిల్ డాట్ 4. కొత్తదాని మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. సగం వాడి అటకెక్కించిన డబ్బా వానాకాలం తర్వాత పారబోయాల్సిందే. సిలికాన్ డాట్ 5 దీనితో కలవదు, పోయడానికి వీల్లేదు.

గాలి తీసే వరస మాస్టరుకు దూరం నుంచి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. సీసాలో రెండంగుళాల ఆయిల్, అందులో మునిగిన ట్యూబు. పెడల్ మెల్లగా తొక్కాలి, టపటపా కొడితే గాలి నురగై కలిసిపోతుంది. లీటరు సరిగ్గా సరిపోయింది. తర్వాత పెడల్ నిమిషం పాటు బలంగా నొక్కి ఉంచి, ప్రతి యూనియన్‌నూ పొడి టిష్యూ కాగితంతో తుడిచాం. వెనక టీ ఆకారపు జాయింటు దగ్గర ఒక చుక్క తడి కనిపించింది. ఫ్లేర్ మళ్లీ కొట్టాం.

అడ్జస్ట్‌మెంటు: చక్రం కదలనంత దాకా పళ్ల చక్రం తిప్పి, తర్వాత రాపిడి లేకుండా తిరిగేదాకా వెనక్కి. పది పన్నెండు క్లిక్కులు పడుతుంది.

8వ వారం: రోడ్డు మీద

తెల్లవారుజామున, శామీర్‌పేట వైపు ఖాళీ రోడ్డు. గంటకు 50 కి.మీ. నుంచి 15కి మెల్లగా తగ్గించడం, అర కిలోమీటరు నడిపి చల్లారనివ్వడం. ముప్పై సార్లు. వేడి మీద బండిని బ్రేకు తొక్కి నిలబెట్టి ఉంచకూడదు. పది సార్లయ్యాక ఎడమకు లాగింది. చక్రాలు తాకి చూస్తే ముందు ఎడమ డ్రమ్ము మిగతావాటికన్నా వేడి. అక్కడ మూడు క్లిక్కులు వదులు చేస్తే సూటిగా ఆగింది.

300 కి.మీ. తర్వాత నాలుగు డ్రమ్ములూ మళ్లీ విప్పాం. సిలిండర్ల దుమ్ము రబ్బర్లు ఎత్తి చూస్తే లోపల పొడి. లైనింగు మీద మెరుపు ముందు షూల్లో నాలుగింట మూడు వంతులకు వచ్చింది, వెనక కుడి పొడుగు షూ ఒక్కటే సగం దగ్గర ఉంది, దాన్ని వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ చూడాలి. హ్యాండ్‌బ్రేకు చదును మీద నిలుస్తోంది గానీ జూబ్లీహిల్స్ వాలులో వెనక్కి జారింది. షూలు కొత్తవైనా పాత కేబులు రెండంగుళాలు సాగి ఉంది. కేబుల్ కొలత తీసి రాసి పెట్టాం.